కొత్త హంబకర్ శబ్దం తగ్గితే మ్యాగ్నెట్‌నే అనుమానించాలా?

పేరు రాయవద్దంటూ గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు పంపిన ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆయన చర్చిలో ఆదివారం ఆరాధనకు ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తారు. గిటార్ ఆయనది కాదు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అన్నయ్యది. తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు మూడు ఉన్న, అవి ఒక్కో వైరు చుట్టే ఉండే సింగిల్ కాయిల్ రకమైన, చవకరకం స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) నమూనా. తీగలు ఆనే బ్రిడ్జ్ పక్కనుండే పికప్ (బ్రిడ్జ్ పికప్) పల్చగా వినిపిస్తోందని దాన్ని తీసేసి, ఆన్‌లైన్‌లో కొన్న హంబకర్ (గుంయిమనే కరెంటు హమ్‌ను రద్దు చేసే, రెండు కాయిల్స్ ఉన్న పికప్) బిగించారు. చెక్కలో చోటు ముందే ఉండటంతో పైన పిక్‌గార్డ్ ప్లాస్టిక్‌ను మాత్రం కోశారు. పికప్ పెట్టె మీద కంపెనీ పేరు లేదు, లోపల వైరింగ్ బొమ్మ లేదు. ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ వైర్లు నాలుగు, తొడుగు లేని ఉత్త వైరు ఒకటి వచ్చాయి. నెట్‌లో దొరికిన, సీమోర్ డంకన్ అనే పికప్ కంపెనీ డయాగ్రమ్ చూసి నలుపును హాట్‌కు (సిగ్నల్ బయటికి పోయే దారికి), ఆకుపచ్చనూ ఉత్త వైరునూ ఎర్త్‌కు సోల్డర్ చేశారు. ఎరుపు, తెలుపు కలిపి మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టారు. వాల్యూమ్ నాబ్ కింది పాట్ (విలువ మారే రెసిస్టర్) 250కె, అంటే 250 కిలో ఓమ్‌లది, తీసి 500కె వేశారు.

ఇప్పుడు బ్రిడ్జ్ ఒక్కటే ఎంచుకుంటే, గిటార్ మెడ దగ్గరుండే నెక్ పికప్‌లో సగం శబ్దం కూడా రావడం లేదు. ఆరో తీగ వినపడీ వినపడనట్టు ఉంది, మిగతావి ముక్కుతో పాడినట్టు ఉన్నాయి. హమ్ మాత్రం ముందుకంటే పెరిగింది. తీగల మీద చెయ్యి వేసినా తగ్గదు, గిటార్ పట్టుకుని పక్కకు తిరిగితే మారుతుంది. బ్రిడ్జ్, మిడిల్ కలిసే పొజిషన్ పర్వాలేదు. నెక్ పికప్ గట్టిగానే ఉంది గానీ కాస్త కీచుగా మారింది. వాల్యూమ్ పూర్తిగా పెంచి, గిటార్ కేబుల్ చివర మల్టీమీటర్ పెడితే బ్రిడ్జ్‌కు 7.9 కిలో ఓమ్‌లు చూపించింది. రిపేరు షాపులో "మ్యాగ్నెట్ డౌన్ అయింది, వేరే పికప్ కొనాల్సిందే" అన్నారట. క్రిస్మస్‌కు చర్చిలో కార్యక్రమం ఉంది, సంక్రాంతికి అన్నయ్య వస్తారు. "ఆయనకు చెప్పకుండా చేశాను. కొత్తది కొనాలా, పాతది బిగించేసి ఊరుకోవాలా?" అని అడిగారు.

సమాధానం:

ఇప్పుడప్పుడే ఏమీ కొనకండి. మీరు రాసిన లక్షణాలు, ఆ 7.9 అంకె కలిపి చూస్తే పికప్ చావలేదనీ, అందులోని రెండు కాయిల్స్‌లో ఒకటి తిరగబడి కలిసిందనీ దాదాపుగా తెలిసిపోతోంది. సరిచేయడానికి అరగంట పని, కాస్త సోల్డర్, ఒక స్లీవ్ ముక్క చాలు. కాకపోతే ఐరన్ వేడెక్కించే ముందు ఒక పరీక్ష చేయాలి.

ముందు ఆ 7.9 సంగతి. కేబుల్ చివర కొలిచారు కాబట్టి మీటరు పికప్‌ను ఒంటరిగా చూడలేదు, దానికి ప్యారలల్‌గా ఉన్న 500కె పాట్‌ను కూడా కలిపి చూసింది. లెక్క వెనక్కి వేస్తే పికప్ ఒక్కదానికి సుమారు 8 కిలో ఓమ్‌లు వస్తుంది. టోన్ పాట్ ఈ లెక్కలోకి రాదు, దాని దారిలో ఉన్న కెపాసిటర్ మీటరు పంపే డీసీని పోనివ్వదు. 8 అంటే నాలుగేసి కిలో ఓమ్‌ల కాయిల్స్ రెండు సిరీస్‌లో ఉన్నాయన్నమాట, మామూలు హంబకర్‌కు ఉండాల్సినంతే ఉంది. కాయిల్ ఎక్కడైనా తెగి ఉంటే మీటరుకు పాట్ ఒక్కటే కనిపించి 500 దరిదాపుల్లో చూపేది. టేపు ఊడి ఎరుపు-తెలుపు అతుకు ఎర్త్‌కు తగిలి ఉంటే 4 దగ్గర ఆగేది. రెండు కాయిల్స్ ప్యారలల్‌లో పడి ఉంటే 2 చూపేది. ఇవేవీ కాదని మీ కొలతే చెప్పింది.

ఆ అంకె చెప్పలేనిది ఒకటుంది: కరెంటు ఏ కాయిల్‌లో ఎటు నుంచి ఎటు పోతోందన్నది. రెసిస్టెన్స్‌కు దిశ లేదు. ఒక కాయిల్ కొసలు తారుమారు చేసినా 8 కిలో ఓమ్‌లు 8గానే ఉంటాయి. షాపుల్లో ఇక్కడే పొరపడతారు. మీటరు "ఓకే" అంటోంది, శబ్దం రావడం లేదు, కాబట్టి మ్యాగ్నెట్ పోయిందని తేల్చేస్తారు.

హంబకర్ పనిచేసేదే దిశల మీద. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఈ పికప్‌లో ఒక కాయిల్‌కు పైన ఉత్తర ధ్రువం, రెండోదానికి దక్షిణ ధ్రువం. కాయిల్స్‌ను కూడా ఒకదానికొకటి ఎదురుగా కలుపుతారు. తీగ కదిలినప్పుడు మ్యాగ్నెట్ తేడా, కాయిల్ తేడా రెండూ కలిసి సిగ్నల్స్ ఒకే వైపు వచ్చి కూడుకుంటాయి. ట్యూబ్‌లైట్ చోక్ నుంచి, అడాప్టర్ల నుంచి వచ్చే హమ్‌కు మాత్రం మ్యాగ్నెట్‌తో పని లేదు. అందుకే అది ఒక కాయిల్‌లో కూడి, రెండోదానిలో తీసివేతకు గురై, మొత్తం మీద రద్దవుతుంది. ఇప్పుడు ఒక కాయిల్‌ను తిప్పేశారనుకోండి. మొత్తం తలకిందులవుతుంది: రద్దు కావాల్సిన హమ్ రెట్టింపవుతుంది, కూడాల్సిన సిగ్నల్ రద్దవుతుంది. మీరు రాసింది సరిగ్గా ఇదే.

మరి పూర్తిగా నిశ్శబ్దం ఎందుకు కాలేదంటే, రెండు కాయిల్స్ మధ్య రెండు సెంటీమీటర్లకు లోపే దూరం. ఆరో తీగ మంద్ర స్వరం పొడవాటి అల కాబట్టి రెండు కాయిల్స్ దగ్గరా దాదాపు ఒకేలా ఊగుతుంది, అందుకే దాదాపు పూర్తిగా కొట్టేసుకుంటుంది. పై హార్మోనిక్స్ పొట్టి అలలు. వాటికి ఆ రెండు సెంటీమీటర్లలోనే తేడా వస్తుంది కాబట్టి కొంత మిగిలిపోతాయి. ఆ మిగిలిందే మీకు వినిపిస్తున్న ముక్కు గొంతు. మిడిల్‌తో కలిపినప్పుడు ఆరోగ్యంగా ఉన్న మిడిల్ సిగ్నల్ పెద్దది కాబట్టి లోపం దాని కింద దాక్కుంటోంది.

మిగతా అనుమానితులను కూడా ఒకసారి చూద్దాం. జాక్, కేబుల్, వాల్యూమ్ పాట్‌లలో తప్పుంటే నెక్ పికప్ కూడా దెబ్బతినేది, దారి ఒకటే కదా. కెపాసిటర్ హాట్‌కూ ఎర్త్‌కూ మధ్య నేరుగా కలిస్తే శబ్దం దుప్పటి కప్పినట్టు మూసుకుపోతుంది, సన్నబడదు. తీగలు ఆనే లోహపు బ్రిడ్జ్‌కు వెళ్ళే ఎర్త్ వైరు ఊడితే వచ్చే బజ్ తీగలు ముట్టుకున్నప్పుడు మారుతుంది, మీది మారడం లేదు. ఇక మ్యాగ్నెట్: స్క్రూడ్రైవర్ కొస పికప్ పైన పెట్టి చూడండి, గట్టిగా లాక్కుంటే మ్యాగ్నెట్ ఉన్నట్టే. చవకరకం హంబకర్లలో సాధారణంగా ఉండేది సెరామిక్ మ్యాగ్నెట్. వైర్ల కొసన సోల్డరింగ్ చేసినంత మాత్రాన అది బలహీనపడదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఊహించడం కష్టం కాదు. వైర్ల రంగులకు అందరూ ఒప్పుకున్న నియమం లేదు, ఎవరి పద్ధతి వాళ్ళదే. సీమోర్ డంకన్ లెక్కలో నలుపు-తెలుపు ఒక కాయిల్, ఎరుపు-ఆకుపచ్చ ఇంకో కాయిల్. నలుపు హాట్, ఎరుపు-తెలుపు అతుకు, ఆకుపచ్చ ఎర్త్. డిమార్జియో అనే మరో పికప్ కంపెనీ లెక్కలో ఎరుపు-నలుపు ఒక కాయిల్, ఆకుపచ్చ-తెలుపు ఇంకోటి. ఎరుపు హాట్, నలుపు-తెలుపు అతుకు, ఆకుపచ్చ ఎర్త్. డిమార్జియో రంగులున్న పికప్‌ను డంకన్ బొమ్మ ప్రకారం కలిపితే ఏమవుతుందో కాగితం మీద గీసి చూడండి. రెండు కాయిల్స్ సిరీస్‌లోనే ఉంటాయి, మీటరు 8 చూపిస్తుంది, ఒక కాయిల్ మాత్రం తలకిందులవుతుంది. పేరులేని మీ పికప్ తయారుచేసినవాళ్ళు డిమార్జియో రంగులు వాడి ఉంటారని నా అంచనా. అంచనా మీద ఐరన్ పెట్టకూడదు కాబట్టి ఇక పరీక్ష.

యాంప్‌కు కేబుల్ తీసేయండి. తీగలు బాగా వదులు చేసి లేదా విప్పేసి, పిక్‌గార్డ్ మరలు తీసి, ప్లేటును అంచు మీద నిలబెట్టండి. పికప్ పైభాగమూ, వెనక వైర్లూ రెండూ చేతికి అందాలి. ఇప్పుడున్న అతుకులన్నిటినీ ఫోనుతో దగ్గరగా ఫొటో తీయండి. సెలెక్టర్‌ను నెక్ పొజిషన్‌లో పెడితే బ్రిడ్జ్ హాట్ వైరు పాట్ నుంచి విడిపోతుంది, అలా విడిపోవడం మన పరీక్షకు అవసరం.

ఎరుపు-తెలుపు అతుకు మీద టేపు విప్పండి, కానీ విడదీయకండి. మీటరును డీసీ 200 మిల్లీవోల్ట్ రేంజిలో పెట్టి ఎర్ర ప్రోబ్ నలుపు వైరు అతుకు మీద, నల్ల ప్రోబ్ ఎరుపు-తెలుపు అతుకు మీద ఆనించండి. ఇనుప స్క్రూడ్రైవర్‌ను ఒక కాయిల్ పోల్ ముక్కల (పికప్ పైన తీగల కింద కనిపించే లోహపు మరలు లేదా బిళ్ళల) మీద అడ్డంగా పడుకోబెట్టి, చటుక్కున పైకి లాగండి. అంకె క్షణం పాటు ప్లస్‌కో మైనస్‌కో గంతు వేస్తుంది. పెద్దగా కదలకపోతే అది ఈ ప్రోబ్‌ల మధ్య ఉన్న కాయిల్ కాదు, పక్కదాని మీద చేయండి. లాగినప్పుడు ప్లస్సా మైనస్సా రాసుకోండి. పెట్టేటప్పుడు దానికి వ్యతిరేకంగా వస్తుంది, కంగారు పడకండి, లాగేటప్పటిదే లెక్క. ఇప్పుడు ఎర్ర ప్రోబ్‌ను ఎరుపు-తెలుపు అతుకు మీదకు, నల్ల ప్రోబ్‌ను ఆకుపచ్చ వైరు మీదకు మార్చి రెండో కాయిల్ మీద అలాగే చేయండి.

రెండుసార్లూ ఒకే గుర్తు వస్తే కాయిల్స్ సరిగ్గానే కలిశాయి. ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అయితే దొంగ దొరికినట్టే. చవక డిజిటల్ మీటర్లు సెకనుకు రెండు మూడుసార్లే చూస్తాయి కాబట్టి గంతును పట్టుకోలేకపోవచ్చు. ఒక్కో కాయిల్‌కు ఐదారుసార్లు చేసి ఎక్కువసార్లు వచ్చినదాన్ని తీసుకోండి. ముల్లు మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే దానితో ఇంకా తేలిక.

గుర్తులు వేరువేరుగా వచ్చాయనుకుందాం. ఏదో ఒక కాయిల్‌ను తిప్పాలి. ఏది తిప్పినా హంబకర్ బాగవుతుంది, కానీ మొత్తం పికప్ మిడిల్‌తో జతకట్టే తీరు మాత్రం దాన్నిబట్టి మారుతుంది. ఇక్కడ తొందరపడితే బ్రిడ్జ్ ఒంటరిగా బ్రహ్మాండంగా మోగి, ఇప్పుడు పర్వాలేదనిపిస్తున్న బ్రిడ్జ్-మిడిల్ పొజిషన్ సన్నబడుతుంది. అందుకే సెలెక్టర్ ఇంకా నెక్ మీద ఉండగానే మిడిల్ పికప్‌కు కూడా స్క్రూడ్రైవర్ పరీక్ష చేయండి, ఎర్ర ప్రోబ్ దాని హాట్ వైరు మీద, నల్లది ఎర్త్ మీద. మిడిల్‌కు వచ్చిన గుర్తుకు హంబకర్‌లో ఏ కాయిల్ వ్యతిరేకంగా ఉందో దాన్ని తిప్పండి. అప్పుడు మూడు కాయిల్సూ ఒకే మాట మీదుంటాయి.

తిప్పడానికి ముందు ఎరుపు-తెలుపు అతుకు విడదీసి, నలుపు, ఆకుపచ్చ వైర్లను కూడా వాటి చోటి నుంచి ఊడదీసి, ఏ రెండు వైర్ల మధ్య 4 కిలో ఓమ్‌లు వస్తోందో చూడండి. ఎరుపు-నలుపు, ఆకుపచ్చ-తెలుపు అని జతలు తేలితే పని ఇలా ఉంటుంది: ఎరుపు-నలుపు కాయిల్ తిప్పాల్సి వస్తే ఎరుపు హాట్‌కు, నలుపు-తెలుపు అతుక్కు, ఆకుపచ్చ ఎర్త్‌కు. ఆకుపచ్చ-తెలుపు కాయిల్ తిప్పాల్సి వస్తే నలుపు హాట్‌లోనే ఉంచి, ఎరుపు-ఆకుపచ్చ కలిపి, తెలుపు ఎర్త్‌కు. నలుపు-తెలుపు, ఎరుపు-ఆకుపచ్చ అని జతలు తేలినా సూత్రం అదే, తిప్పాల్సిన కాయిల్ రెండు కొసలూ ఒకదాని చోటికి ఒకటి మారాలి. ఉత్త వైరు మాత్రం ఏ పరిస్థితిలోనూ ఎర్త్ వదలకూడదు. అది కాయిల్ కాదు, పికప్ అడుగు రేకుకు, వైర్ల చుట్టూ ఉండే కవచానికి సంబంధించినది.

సోల్డర్ చేయకముందే క్రొకడైల్ క్లిప్పులతో తాత్కాలికంగా కలిపి ఇందాకటి మిల్లీవోల్ట్ పరీక్ష మళ్ళీ చేయండి. గుర్తులు కలిశాకే ఐరన్ పట్టుకోండి. 25 వాట్ల ఐరన్, రోజిన్ ఉన్న 60/40 సోల్డర్ సరిపోతాయి. స్విచ్ ట్యాగు (వైరు అతికే రేకు) మీద రెండు మూడు సెకన్లు మించి ఉంచకండి, ఈ వైర్ల తొడుగు సులభంగా కరిగి పక్క వైరుకు అంటుకుంటుంది. పాట్ వీపు మీద ఎర్త్ అతకడమే కష్టం. 25 వాట్లతో అక్కడ వేడి చాలక చాలాసేపు నొక్కిపెడతారు, లోపలి కార్బన్ ట్రాక్ పాడవుతుంది. ఆ చోటు ఎమరీ పేపరుతో మెరిసేదాకా గీకి, ముందు పాట్‌కు, వైరుకు విడివిడిగా సోల్డర్ పూసి, తర్వాత రెండూ కలపండి. లేదా అక్కడ ఇప్పటికే ఉన్న ఎర్త్ వైరుకే అతికించండి. మసకగా, గరుకుగా గడ్డకట్టిన అతుకును నమ్మకండి. మధ్య అతుక్కు ఇన్సులేషన్ టేపు బదులు, వేడి తగిలితే బిగిసే హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. మన ఎండలకు టేపు జిగురు కరిగి ఊడుతుంది, ఆ అతుకు ఎర్త్‌కు తగిలిన రోజున ఒక కాయిల్ మాయమవుతుంది. స్లీవ్‌ను వైర్లు కలపకముందే ఎక్కించుకోవాలని మాత్రం గుర్తుంచుకోండి, ఈ పనిలో అందరూ మరిచేది అదే.

నెక్ పికప్ కీచుగా మారడానికి కారణం వేరు, 500కె పాట్. సింగిల్ కాయిల్స్‌కు 250కె భారం ఉంటే పై స్వరాలు కొంత నలుగుతాయి, 500కె వాటిని వదిలేస్తుంది. టోన్ కాస్త తగ్గించి వాయించుకోవచ్చు, ఖర్చు లేదు. శాశ్వతంగా కావాలంటే నెక్, మిడిల్ హాట్ వైర్లు స్విచ్‌లో చేరే ట్యాగుల నుంచి ఎర్త్‌కు చెరొక 470కె రెసిస్టర్ వేయండి. ఒక్కోటి వాడకంలో ఉన్నప్పుడు 500కెతో కలిసి 242కె అవుతుంది. పాట్ మళ్ళీ 250కె చేస్తే హంబకర్ కొంచెం మందగిస్తుంది, బొత్తిగా పనికిరాకుండా పోదు. ఈ మూడింట్లో ఏది చేసినా తప్పు కాదు, కానీ కాయిల్స్ దిశ (ఫేజ్) సరిచేసిన తర్వాతే చేయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది దేనివల్ల మారిందో తెలియదు.

అన్నీ బిగించాక ఎత్తు చూసుకోండి. మొదటి, ఆరో తీగలను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, పోల్ పైభాగానికీ తీగ అడుగుకూ మధ్య 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంచండి. స్ట్రాట్ బ్రిడ్జ్‌లో తీగల మధ్య ఎడం కొన్ని హంబకర్ల పోల్స్ ఎడం కంటే ఎక్కువ. బయటి రెండు తీగలే కాస్త తగ్గినట్టుంటే కారణం అది, చిన్న తేడా కాబట్టి పట్టించుకోనక్కర్లేదు.

మీరు అడిగిన దారుల విషయానికొస్తే, కొత్త పికప్ కొంటే ఏ రంగులొస్తాయో మళ్ళీ తెలియదు, ఈ పరీక్ష మళ్ళీ చేయాల్సిందే. అంచేత ఇది విఫలమైతే తప్ప అటు వెళ్ళకండి. ఉన్నదాన్ని ఇలాగే వదిలేయడం కూడా ఒక దారే, ఫేజ్ తిరగబడ్డ శబ్దాన్ని ఇష్టపడేవాళ్ళు ఉన్నారు. బ్రిటిష్ గిటారిస్టు పీటర్ గ్రీన్ వాయించిన లెస్ పాల్ గిటార్ పేరు వినే ఉంటారు. అయితే అక్కడ ఎదురుబొదురుగా ఉన్నవి నెక్, బ్రిడ్జ్ అనే రెండు వేరు పికప్‌లు. ఒకే హంబకర్‌లో పక్కపక్క కాయిల్స్ కొట్టుకుంటే మిగిలేది మరీ తక్కువ, దాన్ని యాంప్‌లో పెంచితే హమ్ కూడా పెరుగుతుంది. చర్చి సౌండ్ సిస్టమ్‌లో అది భరించలేరు. కాయిల్స్‌ను ప్యారలల్‌లో పెడితే హమ్ పోతుంది, శబ్దం శుభ్రంగా ఉంటుంది, కానీ సిరీస్ కంటే తక్కువ వస్తుంది. మీరు హంబకర్ పెట్టిందే బలం కోసం కాబట్టి అది మీకు సరిపడదు.

పాత సింగిల్ కాయిల్ మళ్ళీ బిగించి ఊరుకోవడం మీరు అనుకున్నంత సులువు కాదు. కోసిన పిక్‌గార్డ్‌లో అది నిలబడదు, కొత్త ప్లేటు కావాలి. చవక నమూనాలలో మరల రంధ్రాలు అసలు స్ట్రాట్ ప్లేటుతో కలవకపోవచ్చు, అప్పుడు చెక్కలో కొత్త రంధ్రాలు వేయాల్సి వస్తుంది. అన్నయ్యకు అది మొదటి చూపులోనే తెలుస్తుంది. ఒక మార్పు దాచబోయి రెండు చేసినట్టవుతుంది. నా సలహా అడిగితే, క్రిస్మస్‌కు ముందే ఈ రిపేరు చేసి, బాగా మోగుతున్నప్పుడు ఒక ముక్క రికార్డు చేసి, ఫోన్ చేసి జరిగింది చెప్పండి. పాత పికప్, 250కె పాట్, మరలు ఒక డబ్బాలో పెట్టి ఉంచండి. ఆయనకు నచ్చకపోతే కొత్త ప్లేటు ఖర్చు మీదని ముందే ఒప్పుకోండి. ఫోన్‌లో రెండు మాటలు పడవచ్చు. సంక్రాంతికి పిక్‌గార్డ్ కోత చూసి తెలుసుకుంటే అంతకంటే ఎక్కువే పడతాయి.

పరీక్షలో రెండు కాయిల్స్‌కూ ఒకే గుర్తు వస్తే మాత్రం నా అంచనా తప్పినట్టే. అప్పుడు సోల్డర్ జోలికి వెళ్ళకండి. సెలెక్టర్ నెక్ మీద ఉంచి రెండు కాయిల్స్ విడివిడి రెసిస్టెన్స్, స్క్రూడ్రైవర్ లాగినప్పుడు ఒక్కో కాయిల్ ఎన్ని మిల్లీవోల్ట్‌లు గంతు వేసిందో, అతుకుల ఫొటోతో సహా రాసి పంపండి. ఒక కాయిల్ రెండోదానిలో పదో వంతే చూపిస్తుంటే అందులో చుట్లు లోపల కలిసిపోయాయేమో అప్పుడు చూడాలి.